అరెకరం లెక్క

1998 వేసవిలో సబ్ రిజిస్ట్రారు ఆఫీసు వెనక, వేపచెట్టు కింద కూర్చుని దస్తావేజు లేఖరి ఒకాయన ఓ పెళ్ళి శుభలేఖ వెనకవైపు వేసిన లెక్క నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. వీలునామా రాయలేదు. తాతగారి నుంచి వచ్చిన మాగాణి పదెకరాలు. పంచుకోవాల్సిన వాళ్ళం అయిదుగురం: అమ్మ, అన్నయ్య, నేను, చెల్లెలు, తమ్ముడు. లేఖరి పెన్సిలు నాలికకి తడి చేసుకుని రాశాడు. అన్నయ్యకి మూడు. తమ్ముడికి మూడు. చెల్లెలికి మూడు. అమ్మకి అర. నాకు అర.

చెల్లెలికీ నాకూ ఆ తేడా ఎందుకని అడిగాను. "మీ పెళ్ళెప్పుడయిందమ్మా?" అన్నాడు. 1984 మే నెల అన్నాను. చెల్లెలిది 1988. "అదేనమ్మా" అని నవ్వాడు. 1985 సెప్టెంబరు 5వ తేదీకి ముందు పెళ్ళయిపోయిన ఆడపిల్లకి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం వర్తించదు. అంటే, పుట్టుకతో వచ్చే హక్కు నాకు పెళ్ళితో పోయింది. అది కూడా ముహూర్తం తేడాతో.

మిగతా లెక్క కూడా ఆయనే విప్పి చెప్పాడు. నాన్న, ఇద్దరు కొడుకులు, చెల్లెలు - ఈ నలుగురూ ఉమ్మడి ఆస్తిలో సహభాగస్తులు. తలా రెండున్నర ఎకరాలు. నాన్న వాటా రెండున్నరను మళ్ళీ భార్యకీ నలుగురు పిల్లలకీ అయిదు ముక్కలు చేస్తే తలా అరెకరం. అమ్మకి వచ్చేది ఆ ముక్క ఒక్కటే. దక్షిణాదిలో కొడుకులు పంచుకునేటప్పుడు తల్లికి వాటా పెట్టే ఆచారం ఎప్పుడో పోయిందట. శాస్త్రంలో ఉన్నా ఆచారంలో లేదట. శాస్త్రం మనకి అనుకూలంగా ఉన్న అరుదైన చోట మాత్రం ఆచారం గెలుస్తుందన్నమాట.

అమ్మ ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. అమ్మకి చదువు రాదు గానీ లెక్క వచ్చు. నలభై రెండేళ్ళు ఆ పదెకరాలకీ నాట్లు వేయించింది, కూలీలకి అన్నాలు మోసింది, విత్తనం ఆరబోసింది, నాన్న మంచాన పడ్డ ఆరేళ్ళూ కౌలుదారుతో తనే తగువులాడింది. "ఏడాదికి ఎంతొచ్చిందో చూడు" అంది నాతో. సెంటుంపావు కంటే తక్కువే వచ్చింది.

ఆ సాయంత్రానికి ముగ్గురు ఆడవాళ్ళమూ హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు పెట్టేశాం. అమ్మ వేలిముద్ర వేసింది. చెల్లెలి మూడెకరాలూ పోయాయి. ఎందుకు పెట్టామని ఈ పేజీలు చదివే స్నేహితులు చాలామంది నన్ను అడిగారు. పుట్టింటి గడప అన్న ఒక్క మాట చాలదా? దాని మీద నేను ఇంతకుముందే చాలా రాశాను, ఇక్కడ మళ్ళీ రాయను. ఇప్పుడు నన్ను తొలిచే ప్రశ్న వేరు. ఆ శుభలేఖ మీది అంకెలు ఏ న్యాయం మీద నిలబడ్డాయి? ఆస్తి ఎవరిదైనా "అవడానికి" కారణమేమిటి? శ్రమా, పుట్టుకా, మరణమా, శిస్తు కట్టడమా? ఆ కారణాన్ని బట్టి ఆస్తి మీద పన్ను ఎవరు, ఎలా కట్టాలి? ఈ రెండు ప్రశ్నల్నీ మనం వేరువేరు అలమరాల్లో పెట్టేశాం. ఆస్తి హక్కు స్త్రీవాదుల విషయం, పన్ను ఆడిటర్ల విషయం. చరిత్ర వాటినెప్పుడూ వేరు చేయలేదు.

పడమటి దేశాల్లో ఆస్తికి శ్రమే మూలమని బలంగా చెప్పినవాడు జాన్ లాక్, 1689లో. మనిషి తన శరీర శ్రమని ప్రకృతితో కలిపితే ఆ కలిసినది అతనిదవుతుంది. వినడానికి అమ్మ పక్షాన వాదిస్తున్నట్టే ఉంటుంది. కానీ అదే అధ్యాయంలో, తన పనివాడు కోసిన పచ్చిక కూడా తన ఆస్తేనని ఆయన మామూలుగా అనేస్తాడు. శ్రమ ఒకరిది, హక్కు ఒకరిది అవడానికి ఆ వాక్యంలోనే దారి ఉంది. పనివాడి స్థానంలో పెళ్ళాన్ని పెట్టి చదవండి, మన పల్లెటూరి కమతం కళ్ళముందుకి వస్తుంది.

మన దగ్గర ఈ చర్చ అంతకంటే అయిదారు వందల ఏళ్ళ ముందే జరిగింది. కళ్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాస్తూ, స్వత్వం శాస్త్రం వల్ల పుట్టేది కాదు, లోకవ్యవహారం వల్ల తెలిసేది అన్నాడు. ఆస్తి లౌకికం! నేనీ మాట మొదటిసారి చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. దేవుడిచ్చినదీ కాదు, వేదం చెప్పినదీ కాదు, మనుషులు ఒప్పుకోవడం వల్ల ఏర్పడేది. ఇంత ధైర్యంగా మొదలుపెట్టినవాడు ఆ వెంటనే, కొడుకుకి తండ్రి ఆస్తిలో హక్కు పుట్టుకతోనే వస్తుందని తేల్చాడు. బెంగాల్లో జీమూతవాహనుడు దాయభాగంలో దీన్ని ఒప్పుకోలేదు. తండ్రి బతికుండగా కొడుక్కి హక్కేమిటి, యజమాని పోయాకే వారసుడు పుడతాడు అన్నాడు. ఆ మార్గంలో కొడుకులు లేని వితంతువుకి ఉమ్మడి కుటుంబంలో కూడా భర్త వాటా దక్కింది, అనుభవించడానికే అయినా సరే. మితాక్షరలో ఆ వాటా అన్నదమ్ముల్లో కలిసిపోయింది.

మనకి దక్కింది మితాక్షర. పదమూడో శతాబ్దంలో మూలఘటిక కేతన దాన్ని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. భాషకి మొదటి వ్యాకరణం రాసినవాడే ఆస్తికి కూడా వ్యాకరణం రాశాడని మా మాస్టారు ఒకరు అనేవారు. ఆ వ్యాకరణంలో స్త్రీ ఏ విభక్తిలో ఉందని అడగాలని నాకప్పుడు తోచలేదు.

విజ్ఞానేశ్వరుడికి ఒక న్యాయం చేయాలి. స్త్రీధనం గురించి మనువు ఆరు రకాలు చెప్పి ఊరుకుంటే, ఈయన దాన్ని విప్పాడు. వారసత్వంగా వచ్చినా, కొన్నా, పంపకంలో వచ్చినా, దొరికినా, స్త్రీకి వచ్చినదంతా స్త్రీధనమే అన్నాడు. ఈ వ్యాఖ్య అలాగే నిలిచి ఉంటే 1956 దాకా మనం ఆగాల్సిన పని లేదు. నిలవనివ్వలేదు. 1867లో లండన్లోని ప్రీవీ కౌన్సిలు, భర్త నుంచి వితంతువుకి వచ్చిన ఆస్తి స్త్రీధనం కాదని తీర్పు చెప్పింది. 1903లో ఆడవాళ్ళ నుంచి ఆడవాళ్ళకి వచ్చినదానికి కూడా అదే గతి పట్టింది. పుట్టుకతో హక్కు అన్న సగం మితాక్షరని అక్షరాలా అమలు చేసి, స్త్రీధనం అన్న సగాన్ని కొట్టేశారు. హిందూ ధర్మశాస్త్రం ఆడవాళ్ళని అణిచిందని ఒక వాక్యంలో రాసేసి ముందుకు పోవడం నాకు కుదరనిది ఇందుకే. ఏ సగాన్ని బతికించాలో ఎంచుకున్న చేతులు పంతొమ్మిదో శతాబ్దంవి.

ఆ శతాబ్దంలోనే మద్రాసు హైకోర్టుకి వచ్చిన ఒక తగాదాని ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. 1864 నాటిది. న్యాయశాస్త్ర పుస్తకాల్లో చలకొండ వారి కేసుగా పేరు. వాళ్ళు ఆట నేర్చిన ఆడవాళ్ళు. వాళ్ళలో వాళ్ళకే ఆస్తి పంపకం దగ్గర పేచీ. తన విద్యతో సంపాదించినది తనదా, అందరిదా? కుటుంబం ఖర్చుతో, కుటుంబం తిండి తింటూ నేర్చుకున్న మామూలు విద్య మీద వచ్చిన సంపాదన పంచుకోవలసిందేనని కోర్టు తేల్చింది. కుటుంబం పెట్టుబడి పెట్టింది కాబట్టి ఫలం కుటుంబానిది. ఆ కాళ్ళూ ఆ గొంతూ ఎవరివన్న ప్రశ్న ఆ తర్కంలో లేదు.

ఈ తర్కం ఆడవాళ్ళ దగ్గర ఉన్నంతకాలం ఎవరికీ నొప్పి పుట్టలేదు. లాయర్లకీ గుమాస్తాలకీ తగిలేసరికి గోల మొదలైంది. చివరికి 1921లో ప్రీవీ కౌన్సిలు ముందుకి ఒక ఐ.సి.ఎస్. అధికారి సంపాదన వచ్చింది. ఇంగ్లండులో చదివించింది ఉమ్మడి సొమ్ము కాబట్టి ఆ సంపాదన కూడా ఉమ్మడిదే అన్నారు. అంతే, తొమ్మిదేళ్ళలో చట్టం మారిపోయింది. ఎం.ఆర్. జయకర్ తెచ్చిన బిల్లు 1930లో హిందువుల విద్యార్జిత చట్టమైంది. చదువు ఎవరి డబ్బుతో సాగినా సంపాదన చదివినవాడిదే.

ఇప్పుడు 2009కి రండి. సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన ఒక స్త్రీ ఆస్తి వ్యవహారం. పెళ్ళయిన మూడు నెలలకే భర్త పోయాడు. అత్తింటివాళ్ళు వెళ్ళగొట్టారు. పుట్టింటివాళ్ళు చదివించారు. ఉద్యోగం చేసింది, బ్యాంకులో దాచుకుంది, ప్రావిడెంటు ఫండు పోగేసింది, పిల్లల్లేకుండా, వీలునామా రాయకుండా పోయింది. ఆ డబ్బు ఎవరికి? హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షను ప్రకారం భర్త వారసులకి. అంటే వెళ్ళగొట్టినవాళ్ళకి. సానుభూతి వేరు, చట్టం వేరు అంది కోర్టు. 1864లో చదువు చెప్పించిన కుటుంబానికి హక్కుంది. 2009లో చదువు చెప్పించిన కుటుంబానికి హక్కు లేదు. తర్కం తిరగబడింది గానీ ఒక్కటి మారలేదు: సంపాదించిన మనిషి రెండు చోట్లా ఆ ఆస్తికి మూలం కాదు, దారి మాత్రమే.

శ్రమా కాదు, పుట్టుకా కాదు, పన్ను కట్టడమే హక్కు అన్న మూడో న్యాయం ఒకటుంది. మన జిల్లాల్లో దీని బలం తక్కువేమీ కాదు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉన్నాడు, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. రైత్వారీ పద్ధతిలో ఒక్కో రైతుతో ప్రభుత్వం నేరుగా శిస్తు కుదుర్చుకుంది. శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో చెప్పేది పట్టా. పట్టా పుట్టింది వసూలు కోసం, రానురాను అదే యాజమాన్యానికి ఆనవాలైపోయింది. సర్కారు ఎవడి పేరు రాసుకుందో భూమి వాడిది. సర్కారు రాసుకున్నది ఇంటి మగవాడి పేరు. పొలంలో దిగేది ఎవరు, గింజ దాచేది ఎవరు అన్నది ఆ చిట్టాలకి అక్కర్లేదు. మా అమ్మ పేరు ఊరి రెవెన్యూ రికార్డులో ఒక్కసారి కూడా ఎక్కలేదు, విడుదల దస్తావేజులో తప్ప. వదులుకోవడానికి మాత్రం పేరు కావాలి.

పన్ను చట్టాలూ వారసత్వ చట్టాలూ ఒకదాని వెనక ఒకటి ఎలా నడిచాయో చూడడానికి నేనొకసారి సంవత్సరాల పట్టీ రాసుకున్నాను. మొదట కంటపడింది 1937. ఆ ఏడు ఏప్రిల్లో డాక్టర్ జి.వి. దేశ్ ముఖ్ కృషితో హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వచ్చింది. వితంతువుకి భర్త వాటాలో అనుభవ హక్కు దక్కింది. (వ్యవసాయ భూములకి అది వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు తేల్చింది. పొలం లేని పల్లెటూరి వితంతువుకి ఆ చట్టంతో ఏం పని? మద్రాసు రాష్ట్రం దాన్ని పొలాలకి విస్తరించింది 1947లో.) అదే 1937లో ఆదాయపు పన్ను చట్టానికి ఒక సవరణ వచ్చింది. భర్త భార్య పేర పెట్టిన ఆస్తి మీద వచ్చే ఆదాయాన్ని భర్త ఆదాయంలోనే కలిపి పన్ను వేయాలి. ఒక చట్టం భార్యకి ఆస్తి ఉండవచ్చంటుంది, ఇంకోటి భార్య పేర ఉన్నది నిజానికి భర్తదే అని అనుమానిస్తుంది. ఆ అనుమానం ఆధారం లేనిదీ కాదు. పన్ను తప్పించుకోవడానికి పెళ్ళాం పేరు వాడుకున్న మగవాళ్ళు లెక్కలేనంతమంది. బినామీ అన్న మాటకి మన ఇళ్ళల్లో ముఖం ఉంది, ఆ ముఖానికి బొట్టు ఉంది.

తర్వాత 1953, 1956, 1957. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఆస్తి న్యాయం గురించి ఈ దేశం నిజంగా ఆలోచించిన కాలం. చనిపోయినవాళ్ళ ఆస్తి మీద పన్ను, ఎస్టేట్ డ్యూటీ, 1953 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. చింతామణ్ దేశ్ ముఖ్ ఆర్థికమంత్రి. ఆ ఏడాది మొదట్లోనే ఆయన మన దుర్గాబాయిని పెళ్ళి చేసుకున్నారు. హిందూ కోడ్ బిల్లు కోసం సభలో గట్టిగా మాట్లాడినవాళ్ళలో ఆవిడొకరు. ఆ బిల్లు ముసాయిదాలో పుట్టుకతో వచ్చే హక్కునే ఎత్తేయాలని ఉంది. అది ముందుకు సాగనివ్వకపోవడం కూడా ఒక కారణంగా అంబేద్కర్ 1951 సెప్టెంబరులో మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1956లో చివరికి వచ్చిన వారసత్వ చట్టం 14వ సెక్షనులో స్త్రీ ఆస్తిని సంపూర్ణంగా ఆమెదే చేసింది. చిన్న విషయం కాదిది, తొంభై ఏళ్ళ ప్రీవీ కౌన్సిలు తీర్పుల్ని ఒక్క దెబ్బతో తుడిచింది. కానీ 6వ సెక్షనులో మితాక్షర ఉమ్మడి ఆస్తిని మగవాళ్ళ చేతిలోనే ఉంచేసింది. మరుసటి సంవత్సరం నికోలస్ కాల్డర్ సలహాతో సంపద పన్ను, 1958లో బహుమతి పన్ను వచ్చాయి. సమానత్వం కోసం వచ్చిన ఈ పన్నులు కూడా హిందూ అవిభక్త కుటుంబాన్ని ఒక "వ్యక్తి"గా గుర్తించాయి. ఆదాయపు పన్నులో అది 1922 చట్టం నుంచీ ఉన్నదే. దాయాన్ని కదిపిన చెయ్యీ, దాయం మీద పన్ను వేసిన చెయ్యీ ఆ ఉమ్మడి ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

ఈ "వ్యక్తి" సంగతి చదువుకున్న మన స్నేహితుల్లో కూడా చాలామందికి తెలియదు కాబట్టి విప్పి చెబుతాను. ఉద్యోగం చేసే ఒక మగవాడు తన జీతం మీద తన పన్ను కడతాడు. అతనికి పిత్రార్జితం ఉంటే, దాని ఆదాయానికి అవిభక్త కుటుంబం పేర వేరే ఫైలు. దానికి వేరే మినహాయింపు, వేరే శ్లాబు. ఒకే ఇంట్లోకి వచ్చే డబ్బు ఇద్దరు మనుషుల డబ్బుగా లెక్కకొస్తుంది. రెండో మనిషికి ఒళ్ళు లేదు, ఆకలి లేదు. 1961 చట్టంలోనూ, దాని స్థానంలో వచ్చిన 2025 చట్టంలోనూ ఈ మనిషి క్షేమంగానే ఉన్నాడు. ముస్లిములకి, క్రైస్తవులకి ఈ వెసులుబాటు లేదు. ఒంటరి స్త్రీకి అసలే లేదు. ఆ కుటుంబంలో భార్య సభ్యురాలే గానీ సహభాగస్తురాలు కాదు, పంపకం అడగలేదు. భర్త పోతే కర్తగా ఉండగలదా? నాగపూర్ హైకోర్టు ఒకప్పుడు ఉండవచ్చంది. 1965లో ఒక చక్కెర మిల్లు పన్ను కేసులో సుప్రీంకోర్టు వీల్లేదంది. ఆడది ఇంటి పెద్ద కాగలదా అన్న ప్రశ్నని ఈ దేశం తేల్చింది పన్ను కేసులో! పెద్ద కూతురు కర్త కావచ్చని ఢిల్లీ హైకోర్టు చెప్పడానికి 2015 డిసెంబరు దాకా పట్టింది. కోడలి మాట ఇంకా అక్కడే ఉంది. కేరళ ఒక్కటే ఈ చిక్కుముడిని విప్పకుండా కోసేసింది. 1975 చట్టంతో, 1976 డిసెంబరు నుంచి, అక్కడ హిందూ ఉమ్మడి కుటుంబమే లేదు. ఆ పని మన రాష్ట్రం కూడా చేసి ఉంటే ఆ శుభలేఖ మీది లెక్క వేరుగా ఉండేది.

భూసంస్కరణల దగ్గరకి వస్తే నాకు కోపం ఆగదు. భూమి దున్నేవారిదే అన్న నినాదం నేను కాలేజీలో గోడల మీద రాశాను. 1973 ఆంధ్రప్రదేశ్ భూపరిమితి చట్టంలో కుటుంబమంటే భర్త, భార్య, మైనరు పిల్లలు. భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్నదీ అందులోనే కలిసిపోతుంది. తర్వాత 4-ఎ సెక్షను చేర్చి, మేజరు కొడుకు ఉంటే అతని లెక్కన తండ్రి మరో పరిమితి మేరకు అదనంగా ఉంచుకోవచ్చన్నారు. మేజరు కూతురు? లెక్కలో లేదు. కొడుకు ఉంటే భూమి మిగులుతుంది, కూతురు ఉంటే మిగలదు. ఉత్తరప్రదేశ్ చట్టంలోనూ ఇలాంటి వివక్షే ఉందని సుప్రీంకోర్టుకి వెళ్తే 1980లో కృష్ణయ్యర్ గారి బెంచి కొట్టేసింది. ఎంతో ప్రేమగా చదువుకున్న న్యాయమూర్తి ఆయన. ఈ తీర్పు చదివిన రోజు చాలా బాధపడ్డాను.

1985 గురించి చెప్పి తీరాలి. ఆ ఏడాది మార్చిలో వి.పి. సింగ్ బడ్జెట్ ప్రవేశపెడుతూ ఎస్టేట్ డ్యూటీ రద్దు చేశారు. పై శ్లాబులో 85 శాతం దాకా ఉన్న ఆ పన్ను మీద వస్తున్నది ఏటా 20 కోట్లే, వసూలు ఖర్చు ఎక్కువ అన్నారు. 85 శాతం పన్ను 20 కోట్లే తెచ్చిందంటే ఎన్ని దారుల్లో అది కారిపోయిందో ఊహించుకోవచ్చు. మార్చి 16 నుంచి, చనిపోయినవాళ్ళ ఆస్తి పన్ను లేకుండా చేతులు మారింది. అదే సంవత్సరం సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చేట్టుగా రామారావు ప్రభుత్వం ఆడపిల్లల్ని సహభాగస్తుల్ని చేసింది. దేశంలో మొదటిసారి. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో అదే బాటన నడిచాయి. కేంద్రం 2005 దాకా నడవలేదు. పెళ్ళి తేదీ అడ్డు కూడా అప్పుడే పోయింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలు కదలవు. నాది 1998. ఒక్కసారి పెళ్ళి తేదీతో, ఇంకోసారి రిజిస్ట్రేషను తేదీతో, రెండుసార్లు తప్పిపోయాను.

ఆరు నెలల తేడాతో జరిగిన ఈ రెండింటి మధ్యా కుట్ర ఉందని నేననను. ఢిల్లీకి హైదరాబాదు సంగతి పట్టలేదు, అంతే. కానీ కూతుళ్ళకి వారసత్వం మొదలైన సంవత్సరంలోనే వారసత్వం మీద సమాజానికున్న వాటా ముగిసిపోయింది. ఇది మనకి లాభం కాదా అని ఒక సమావేశంలో ఒక యువ అధ్యాపకురాలు నన్ను నిలదీసింది. "వెయ్యేళ్ళు వాళ్ళు పన్ను లేకుండా అనుభవించారు, మనకి చేతికొచ్చే వేళకి పన్ను వేయమంటారా మేడమ్?" ఆ రోజు నాకు జవాబు దొరకలేదు. తడబడ్డాను.

ఇప్పుడైనా నాది పూర్తి జవాబు కాదు. ఆ శుభలేఖనే మళ్ళీ చూస్తాను. అన్నయ్య మూడెకరాలకీ ఏ న్యాయం ఉంది? శ్రమ అంటే, అన్నయ్య అప్పటికి పదిహేనేళ్ళుగా ఊళ్ళో లేడు. పుట్టుక అంటే, మేమూ అక్కడే పుట్టాం. శిస్తు అంటే, అది కూడా కౌలుదారు కట్టిన డబ్బులోంచే. సొంతంగా ఏమీ చేయకుండా వచ్చిన ఆస్తికి న్యాయం చెప్పడం అందరికంటే కష్టం. అందుకే పన్ను వేయడానికి అందరికంటే అనువైనది అదే. జాన్ స్టూవర్ట్ మిల్ 1848లోనే, చనిపోయేవాడు ఎంత ఇవ్వవచ్చో కాదు, ఒక మనిషి ఊరికే ఎంత పుచ్చుకోవచ్చో దానికి హద్దు పెట్టమన్నాడు. నాకు నచ్చింది ఈ "పుచ్చుకోవడం" అన్న మాట. పన్ను పోయినవాడి మొత్తం ఎస్టేటు మీద కాకుండా, పుచ్చుకున్న ఒక్కొక్కరి మీదా, వాళ్ళకి జీవితమంతటిలో ఊరికే వచ్చినదంతా కూడి, ఒక హద్దు దాటినదాని మీదే పడితే? పదెకరాలు ఇద్దరికి వెళ్తే ఎక్కువ పన్ను, అయిదుగురికి సమంగా వెళ్తే తక్కువో, అసలు లేకపోవడమో. అప్పుడు మా లేఖరి శుభలేఖ వెనక ఇంకో లెక్క కూడా వేయాల్సి వచ్చేది, చెల్లెలి పేరు కొట్టేస్తే ఎంత పడుతుందో చెప్పే లెక్క. పుట్టింటి గడప ఖరీదు మొదటిసారి మగవాళ్ళ జేబుకి తెలిసేది. బతికున్న భార్యకి వచ్చిన వాటాని మాత్రం పన్ను తాకకూడదు. అది ఊరికే వచ్చినది కాదు.

పన్నులో స్త్రీలకి రాయితీ ఇస్తే చాలదా అంటారు కొందరు. ఢిల్లీలో ఆడవాళ్ళ పేర కొంటే స్టాంపు డ్యూటీ మగవాళ్ళకంటే తక్కువ. మంచిదే. కానీ అది కొనుక్కోగలిగిన ఇంటికి, పెళ్ళాం పేర పెట్టడానికి మొగుడు ఒప్పుకున్న ఇంటికి. పేరు ఆమెది, తాళం చెవి ఎవరిదో స్టాంపు పేపరు అడగదు. ఇక సంపద పన్ను 2015లో రద్దయింది. 2013-14లో వచ్చింది 1,008 కోట్లే అన్నారు అరుణ్ జైట్లీ. చివరి ఏళ్ళలో దాని రూపం చూడండి. 1993 నుంచి షేర్లకి మినహాయింపు, బంగారానికి లేదు. 30 లక్షలు దాటితే ఒక శాతం. షేర్లు ఉత్పాదకమట, నగలు కావట. ఆడపిల్లకి భూమి ఇవ్వకుండా బంగారం ఇచ్చి పంపిన సమాజమే, తర్వాత ఆ బంగారాన్ని పనికిరాని సంపదగా లెక్కగట్టింది. అంత బంగారం ఉన్నవాళ్ళ మీద నాకు జాలేమీ లేదు. కానీ ఆ వర్గీకరణ ఎవరి కళ్ళతో చేసిందో గమనించాలి.

2024 ఏప్రిల్లో ఎన్నికల ప్రచారంలో వారసత్వ పన్ను మాట వచ్చి నాలుగైదు రోజులు టీవీల్లో దుమారం రేగింది. అటూ ఇటూ అన్ని పార్టీలూ అది మా ఆలోచన కాదంటే కాదని ప్రమాణాలు చేశాయి. అంతకు ముందే చర్చలోకి మంగళసూత్రం వచ్చి కూర్చుంది. మీ తాళి లాక్కుంటారు అని. నలభై ఏళ్ళుగా లేని ఒక పన్ను గురించి ఆడవాళ్ళని భయపెట్టడానికి తాళిబొట్టు చాలింది. ఆ తాళి వెనక ఎన్ని విడుదల దస్తావేజులు ఉన్నాయో ఒక్క యాంకరూ అడగలేదు.

అమ్మ 2011లో పోయింది. ఆవిడ పేర మిగిలింది బ్యాంకులో వృద్ధాప్య పింఛను నాలుగు వేలు, ఒక ఇత్తడి గంగాళం. గంగాళం చెల్లెలు తీసుకుంది.

పోయిన సంక్రాంతికి తమ్ముడి కొడుకు మా ఇంటికి వచ్చాడు. రెండెకరాలు అమ్ముతున్నాడు, కొనేవాళ్ళ లాయరు మేనత్తల సంతకాలు కావాలంటున్నాడట. 1998 దస్తావేజు ఉండగా ఎందుకురా అంటే, "2020లో సుప్రీంకోర్టు తీర్పొచ్చిందిగా అత్తయ్యా, ఎందుకైనా మంచిదని" అన్నాడు. అమ్మిన డబ్బుకి ఆడిటరు అవిభక్త కుటుంబం ఫైలు సిద్ధం చేశాడట. కర్త వాడే, సభ్యులు భార్య, కొడుకు. కాగితాలు బల్ల మీద పరిచి పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు. పక్కనే కూర్చున్న చెల్లెలు కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలెట్టింది. సభ్యుల పేర్ల దగ్గర ఆగి, "పాప పేరు ఏదిరా?" అంది. వాడు ఆడిటరుకి ఫోను చేస్తానని వరండాలోకి వెళ్ళాడు. నేను పెన్నుకి మూత పెట్టేశాను.